అత్తగారి బండాట

పెళ్ళైన దగ్గర్నుంచి మొన్న మొన్నటిదాకా మా అత్తగారు నాతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపం వల్ల కాదు, మర్యాద వల్ల. ఆవిడ పెరిగిన తీరులో అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చోరు, అల్లుడి మొహం చూసి మాట్లాడరు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూతురితో చెబుతారు. కూతురు పక్కన లేకపోతే గోడతో చెబుతారు. "ఈ ఇంట్లో కాఫీపొడి ఏ డబ్బాలో ఉన్నాదో" అని ఆవిడ పొయ్యి వైపు చూస్తూ అంటే, "పై అరలో పచ్చమూత డబ్బాలో ఉందండీ" అని నేను గడియారం వైపు చూస్తూ చెప్పేవాణ్ణి. పని జరిగిపోయేది. ఎవరికీ ఇబ్బంది లేదు.

మర్యాదకి తోడు ఆవిడకి ఇంకో బెరుకు కూడా ఉండేది. మాది తరతరాలుగా సంగీతం చెప్పుకొని బతికే కుటుంబం. విజయనగరంలో మా తాతగారి కాలం నుంచి ఇంట్లో పాఠాలు నడుస్తూనే ఉన్నాయి. నేను వయొలిన్ చెబుతాను. వాళ్ళది ఆమదాలవలస నుంచి ఆటోలో లోపలికి వెళితే వచ్చే పల్లె. వరి, నువ్వులు, కాస్త గోగు పండించే రైతు కుటుంబం. నేనూ మా ఆవిడా ఒకే స్కూల్లో పనిచేస్తూ, ఆవిడ లెక్కలు, నేను సంగీతం చెబుతూ, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. "మాది మోటు మాట. ఆయన ముందర నోరిప్పితే నవ్వుతారు" అని అత్తగారు కూతురితో అన్నారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

అలాంటి మనిషి ఒకరోజు నడిహాల్లో నన్ను "ఒరే" అని కేకేశారు. దానికి కారణం జానెడు కూడా లేని ఒక బొమ్మకారు. కాబట్టి ముందు ఆ కార్ల సంగతి చెప్పాలి.

వీటిని స్లాట్ కార్లు అంటారు. రిమోట్ కార్లు వేరు, ఇవి వేరు. నల్లటి ప్లాస్టిక్ ముక్కల్ని ఒకదానికొకటి తగిలించి రోడ్డులా పరుస్తాం. ఆ రోడ్డులో రెండు సన్నటి గాళ్ళు ఉంటాయి, కారుకొక గాడి. గాడికి అటూ ఇటూ కరెంటు పారే లోహపు పట్టీలు. కారు ముక్కు కింద చిన్న నాలుకలాంటిది ఉంటుంది, అది గాడిలోకి దిగుతుంది. నాలుక పక్కనున్న రాగి కుచ్చులు పట్టీలకు రాసుకుంటూ మోటారుకి కరెంటు అందిస్తాయి. మన చేతిలో పిడిలాంటి కంట్రోలర్, దానికో మీట. నొక్కితే పరుగు, వదిలితే ఆగుడు. స్టీరింగు లేదు, గేర్లు లేవు. ఇంత తేలికైన ఆటలో కష్టం ఎక్కడంటే మలుపులో. అక్కడ వేగం ఓ పిసరు ఎక్కువైతే నాలుక గాడి వదిలేస్తుంది, కారు గాల్లోకి లేస్తుంది. ఆ తర్వాత అది సోఫా కింద దొరుకుతుందో సాంబారు గిన్నెలో దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

నాకీ పిచ్చి విశాఖపట్నంలో పట్టుకుంది. ఒక గాత్ర కచేరీకి వయొలిన్ సహకారం కోసం వెళితే, మాకు బస ఇచ్చిన పెద్దాయన ఇంటి మేడ మీద ఈ ట్రాక్ ఉంది. "ఒకసారి నొక్కి చూస్తారా" అన్నారాయన. శ్రుతి చూసుకోవాల్సిన సమయమంతా మేడమీదే గడిచిపోయింది. ఆ రోజు పాడిన గాయకుడు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా అడుగుతాడు, మొదటి కీర్తనలో నా కుడిచెయ్యి ఎందుకలా వణికిందని.

తర్వాత వెతగ్గా వెతగ్గా, ఇల్లు మారుతూ సామాన్లు వదిలించుకుంటున్న ఒకాయన దగ్గర వాడిన సెట్టు దొరికింది. "ఎంత ఉంటుందది?" అని మా ఆవిడ అడిగింది. "చిన్నదే" అన్నాను. లెక్కల టీచరు కదా, నా మాట నమ్మకుండా టేపు తెచ్చి హాలు కొలిచింది. పాఠాలకి వాడే రెండు పొడుగు బల్లల మీద ప్లైవుడ్ పరిచి, దానిమీద ట్రాక్ బిగించాక, చుట్టూ ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు మిగిలింది. ఇద్దరం ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. మా అమ్మాయి హాస్టలు నుంచి వచ్చినప్పుడు ఆ సందులో సూట్‌కేసు ఇరుక్కుంది. "నాన్నా, ఇది ఇల్లా, ఫ్లైఓవరా?" అంది.

కార్లు ఒక్కొక్కటే చేరాయి. అద్దాల బీరువాలో పై అరలో మా తాతగారి వయొలిన్, దాని కిందంతా కార్లు. తెల్లచార ఉన్న నీలం కారు, ముక్కు చప్పిడైన ఎర్రకారు, ఒక వైపు అద్దం విరిగిపోయిన పాత ఆకుపచ్చ కారు. విరిగినదంటేనే నాకు ఎక్కువ ఇష్టం. ఎవరో ఎక్కడో మలుపులో తొందరపడ్డారని దాన్ని చూస్తే తెలుస్తుంది. మా వైపు గాలిలో తడి ఎక్కువ, నాలుగు రోజులు వదిలేస్తే పట్టీలు చిలుము పడతాయి. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో వాటిని రుద్దుతూ కూర్చోవడం నాకు పొద్దుటిపూట అలవాటైపోయింది. పాఠానికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు హాల్లోకి తొంగిచూసి, మర్యాదకి ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవారు.

వానలు మొదలయ్యే రోజుల్లో అత్తగారు కంటిశుక్లాల ఆపరేషనుకి మా ఇంటికి వచ్చారు. ముందు కుడికన్ను, కొన్ని వారాలు ఆగి ఎడమకన్ను. అంటే ఈసారి మకాం గట్టిదే. డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆవిడ రోజుని మొత్తంగా ఆపేసేవే. పొయ్యి దగ్గరకి వెళ్ళకూడదు. తల వంచకూడదు. బరువులెత్తకూడదు. కంట్లో నీళ్ళు పడకూడదు. తెల్లారకముందే లేచి కళ్ళం దాకా నడిచొచ్చే మనిషి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉండాల్సి వచ్చింది. నేను హాల్లోకి వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళేవారు. నేను వరండాలోకి పోతే మళ్ళీ వచ్చి కూర్చునేవారు.

"నన్ను కుండలో ఎట్టి మూతెట్టీసినారే" అని కూతురితో అనడం వినిపించేది.

ఒకరోజు మా ఆవిడ స్కూలుకి వెళ్ళాక, పొద్దుట పీరియడ్లు లేక ఇంట్లోనే ఉన్న నేను కొత్త టైర్లు వేసిన నీలం కారుని పరీక్షిస్తున్నాను. వంటింటి వైపు మలుపులో అది లేచిపోయి, నేలమీద జారుకుంటూ వెళ్ళి, గుమ్మంలో నిలబడ్డ అత్తగారి కాలి బొటనవేలు దగ్గర ఆగింది. ఆవిడ వంగకూడదు. నేను దగ్గరకి వెళ్ళకూడదు. ఇద్దరం కాసేపు అలాగే నిలబడిపోయాం.

చివరికి ఆవిడ గోడతో అన్నారు. "ఎలకంత బండి ఒకటి కాళ్ళకాడికొచ్చీసినాది. ఎవులైనా తీస్తే బాగున్ను."

నేను వెళ్ళి తీశాను. ఆవిడ లోపలికి వెళ్ళలేదు. గోడ మళ్ళీ ఒక ప్రశ్న అందుకుంది. "దీని లోపల ఇంజనున్నాదేటో."

"చిన్న మోటారుందండీ" అన్నాను గడియారంతో.

"డ్రైవరు నేడు గావాల."

"ఉన్నాడండీ. బొమ్మ. ఇదిగో, తలకి టోపీ కూడా ఉంది."

ఆవిడ ఓరగా ఆ టోపీ చూశారు. తర్వాత గోడ వైపే చూస్తూ, "సిత్రం" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడి, స్కూల్లో చిన్న తరగతుల్ని తొందరగా వదిలేశారు. నా పీరియడ్లు లేకపోవడంతో నేను ముందు ఇంటికొచ్చాను. గేటు దగ్గరే జుంయ్ మని మోటారు కూత వినిపించింది. ఇంట్లో ఉన్నది ఒక్కరే. చెప్పులు చప్పుడు కాకుండా విప్పి తలుపు తోశాను.

అత్తగారు కుర్చీని ట్రాక్ దగ్గరకి జరుపుకున్నారు. నల్లకళ్ళద్దాలు, నిటారుగా నడుం, రెండు చేతులతో పట్టుకున్న కంట్రోలర్. నన్ను చూడగానే ఆ కంట్రోలర్ పమిట కిందికి వెళ్ళిపోయింది. కానీ వేలు మీట మీదే ఉండిపోయినట్టుంది. పమిటలోంచి తీగ వేలాడుతూనే ఉంది, కారు ఏమీ ఎరగనట్టు మెల్లగా తిరుగుతూనే ఉంది.

నేను తడిసిన తల తుడుచుకుని, బీరువాలోంచి ఆకుపచ్చ కారు తీసి రెండో గాడిలో పెట్టి, రెండో కంట్రోలర్ అందుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. వెళ్ళలేదు. పమిటలోంచి చెయ్యి బయటికి వచ్చింది.

ఆవిడకి తెలిసిన విద్య ఒక్కటే, మీటని అడుక్కి నొక్కేయడం. కారు తిన్నటి దారిలో నన్ను దాటి దూసుకుపోయేది, మలుపు రాగానే ఎగిరిపోయేది. ఆవిడ వంగకూడదు కాబట్టి ఏరడం నా పని. సోఫా కింద, చెప్పుల స్టాండులో, తంబురా గుడ్డ మీద, ఎక్కడ పడితే అక్కడ మోకాళ్ళ మీద పాకుతూ కారు తెచ్చి గాడిలో పెట్టేవాణ్ణి. ఆవిడ మళ్ళీ నొక్కేవారు. మళ్ళీ ఎగిరేది. ఒక్క మాట లేకుండా వాన తగ్గేదాకా ఆడాం. మా ఆవిడ గొడుగు మడుస్తూ లోపలికొచ్చి, తల్లినీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, టీ పెట్టడానికి వెళ్ళింది.

తర్వాతి చెకప్‌లో మా ఆవిడ డాక్టర్ని అడిగింది, అమ్మ ఇంట్లో కూర్చుని ఏదైనా ఆడుకోవచ్చా అని. తల వంచకుండా, దుమ్ము పడకుండా, అలసట లేకుండా ఏదైనా ఆడుకోమన్నారాయన. ఏం ఆట అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో శిక్షణ మొదలైంది. అది మా ఆవిడ ద్వారా జరిగేది. అత్తగారు, నేను పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. మా ఆవిడ వంటింట్లో ఉండేది.

"మీ అమ్మగారికి చెప్పు, మలుపుకి ముందే మీట వదలాలని."

"అమ్మా, మలుపుకి ముందర ఒగ్గీమంతన్నారు."

"ముందరంటే ఎంత ముందర, అడుగు మీయన్ని."

"ఎంత ముందండీ?"

"ఆ తెల్లగీత దగ్గర. కళ్ళతో చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. చెవితో వినమను. మోటారు కూత పైస్థాయికి పోతుంటే వదిలెయ్యాలి, కిందికి దిగాక మళ్ళీ నొక్కాలి."

"అమ్మా, కూత వినమంతన్నారు."

"కూత ఇంతన్నానని సెప్పు."

రెండ్రోజులు ఓపిక పట్టింది మా ఆవిడ. మూడోరోజు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఒకే బల్ల కాడ కూకున్నారు. ఇద్దరికీ చెవులున్నాయి, నోళ్ళున్నాయి. నడుమ నేనెందుకు? నా పప్పు మాడిపోతోంది. మీరూ మీరూ మాట్లాడుకోండి."

మేమిద్దరం తలలు వంచుకున్నాం. అత్తగారు వెంటనే తల ఎత్తేశారు, వంచకూడదు కదా.

మాటలైతే రాలేదు కానీ ఆట కుదిరింది. కళ్ళద్దాల వెనక ఆవిడ ఏం చూసేవారో తెలియదు, వినడం మాత్రం బాగా విన్నారు. కూత పెరగ్గానే వేలు సడలేది. ముక్కు చప్పిడి ఎర్రకారు ఆవిడ సొంతమైపోయింది. "ఎర్రది" అనేవారు దాన్ని, ఆవుని పిలిచినట్టు. పొద్దున్నే స్నానం చేసి, దండం పెట్టుకుని, వచ్చి పట్టీల చిలుము రుద్దడం నాకంటే ముందే మొదలెట్టేవారు. చుక్కల మందు వేసే వేళలు తప్పిస్తే మిగతా రోజంతా ఎర్రదే. నన్ను ఓడించడం కూడా మొదలైంది. గెలిచినప్పుడు గోడవైపు తిరిగి చిన్నగా నవ్వేవారు.

ఆ రోజు ఆదివారం. మా ఆవిడ కూడా చూస్తోంది. పది చుట్ల పందెం, తొమ్మిదో చుట్టు. ఆవిడ ఎర్రకారు ముందుంది, నేను వెనక. ఎలాగైనా అందుకోవాలని మీట గట్టిగా నొక్కాను. నా ఆకుపచ్చ కారు మలుపులో గాడి వదిలి, అడ్డంగా జారి, ఆవిడ గాడి మీద బోర్లా పడింది. ఆఖరి చుట్టు తిరుగుతూ వెనకనుంచి ఎర్రది వచ్చేస్తోంది.

"ఒరే! తియ్యరా నీ బండి! బేగి తియ్యరా, అడ్డొచ్చీసినాది!"

నేను ఉలిక్కిపడి తీశాను. ఎర్రది గీత దాటింది. ఆవిడ గెలిచారు.

అత్తగారి చేతిలో కంట్రోలర్ అలాగే ఉండిపోయింది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో భయానికో నాకు తెలియలేదు. అత్తగారు నెమ్మదిగా కంట్రోలర్ బల్లమీద పెట్టి, లేచి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆ రోజు బయటికి రాలేదు. మర్నాడు కూడా గదిలోనే భోజనం. మా ఆవిడ ఎంత నచ్చజెప్పినా ఒకటే మాట. "నానెలిపోతాను. అల్లుణ్ని పట్టుకుని ఒరే అన్నాను. మన ఇళ్ళల్లో అలగ ఎవులైనా అన్నారేటే? రెండో కన్ను అక్కడే సూపించుకుంతాను." సంచిలో చీరలు సర్దేసుకున్నారు కూడా.

నాకైతే ఆ కేక విన్నప్పట్నుంచి మనసు వేరుగా ఉంది. అవమానం కాదు. ఏదో చాలాకాలంగా మూతపడి ఉన్న గది తలుపు తెరిచినట్టు అనిపించింది. సాయంత్రం పిల్లల పాఠం అయ్యాక వెళ్ళి గది గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు. ఈసారి నేను గడియారంతో మాట్లాడలేదు.

"అత్తయ్యగారూ, మా అమ్మ పోయి నాలుగేళ్ళైంది. నన్ను ఒరే అని పిలిచింది ఆవిడొక్కతే. నాన్నగారు కూడా పేరుపెట్టే పిలిచేవారు. బయటందరికీ నేను మేస్టార్నే. ఒరే అనే మనిషి నాకిప్పుడు ఎవరూ లేరు. నిన్న మీరు అరిస్తే నాకు కష్టంగా లేదండీ. చాలా బాగుంది."

ఆవిడ కదల్లేదు. వెనక్కి తిరుగుదామనుకుంటుండగా ఆవిడ ఇటు తిరిగారు. నల్లకళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. కొత్తగా బాగైన కన్ను నా మొహం మీదే ఉంది. బహుశా నన్ను అంత తేటగా చూడటం ఆవిడకదే మొదటిసారి.

"అలగని ఊరుకుంతారేటి? నలుగురూ ఇంటే ఏటనుకుంతారు?" అన్నారు. గోడతో కాదు, నాతో.

"ఎవరూ ఏమీ అనుకోరండీ."

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. భూమి బేరం ఆడేటప్పుడు పెద్దరైతులు ఆలోచించినట్టు. "అయితే ఒక మాట. బండాట ఆడినప్పుడే అంతాను. మీట కింద ఎట్టీసినానంటే మల్లా మీరే, గారే. దానికి ఒప్పుకుంతారా?"

ఒప్పుకున్నాను. వెనక వరండాలోంచి మా ఆవిడ గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. సంచిలోని చీరలు మళ్ళీ దండెం మీదకి ఎక్కాయి.

ఆ రోజు నుంచి మా హాలు సంతలా ఉండేది. "ఒరే, నా గాడిలోకి సూడకు!" "ఒరే, నీ బండికి తిండెట్టినావా నేదా, అలగ ఈడుస్తాదేటి!" ఆట అయిపోగానే, "బాబూ, కాఫీ తాగుతారా?" రెండింటికీ మధ్య ఒక్క క్షణం కూడా తేడా ఉండేది కాదు. ఆవిడ మాట మోటు అని ఎవరన్నారో కానీ, నాకు అంత జీవమున్న మాట మా ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు.

రెండో కన్ను కూడా బాగైంది. కొన్ని వారాలకి డాక్టరు ఇంటికి వెళ్ళొచ్చన్నారు. సరిగ్గా అప్పుడే ఆమదాలవలస ధాన్యం వ్యాపారి ఫోన్ చేశాడు. స్లాట్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు మా వైపు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. అందులో ఈయన పెద్దదిక్కు. స్టేషను రోడ్డులో ఆయన గోడౌను ఉంది. దాని మేడమీద వడ్రంగి చేత పెద్ద చెక్క ట్రాక్ చేయించుకున్నాడు, నాలుగు గాళ్ళది. ఆదివారం పందెం పెడుతున్నాను రమ్మన్నాడు.

ఆవిడ ఊరు ఎలాగూ అటే. "ఆడోళ్ళొస్తారేటి అక్కడికి?" అన్నారు అత్తగారు. "మీరొస్తే వస్తారు" అన్నాను.

పొద్దుటి పాసింజరులో ముగ్గురం బయల్దేరాం. ఎర్రకారుని స్టీలు టిఫిన్ డబ్బాలో పాత చీరముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు అత్తగారు. చీపురుపల్లిలో ఎక్కిన ఒకావిడ పక్కన సర్దుకుని కూర్చుంటూ, "ఏటి తెస్తన్నారు, బూరెలా?" అని అడిగింది. "కాదమ్మా, బండి" అన్నారు అత్తగారు. ఆవిడ పొందూరు దాకా ఆ డబ్బా వైపు అనుమానంగా చూస్తూనే ఉంది.

ఆమదాలవలస స్టేషనుకి శ్రీకాకుళం రోడ్ అని పేరు. అక్కడ దిగి గోడౌనుకి నడిచి వెళ్ళాం. మెట్లెక్కుతుంటే ధాన్యం వాసన, గోనెసంచుల వాసన. పైన శ్రీకాకుళం నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఒకాయన, భోగాపురం విమానాశ్రయం పనుల్లో ఉన్న కుర్ర ఇంజనీర్లు ఇద్దరు ఉన్నారు. వ్యాపారి ఎదురొచ్చి, "మేస్టారూ, రండి రండి! ఈవిడెవరు, అత్తగారా! ఓలమ్మో, అత్తగార్ని ఆటకి తెచ్చినారేటి!" అని కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. చూడటానికి వచ్చారనుకున్నాడు. ఆవిడ డబ్బా మూత తీసి ఎర్రదాన్ని బల్లమీద పెట్టేసరికి, బోర్డు మీద ఒక గీత ఎక్కువ గీశాడు.

చెక్క ట్రాక్ మా ప్లాస్టిక్ దానిలా ఉండదు. నున్నగా జారిపోతుంది. మొదటి చుట్లలో ఎర్రది రెండుసార్లు ఎగిరింది. అత్తగారు పెదవులు బిగించి కాసేపు కళ్ళు మూసుకున్నారు. కూత వింటున్నారని నాకు అర్థమైంది. తర్వాత ఇంక కారు గాడి వదల్లేదు. ఇంజనీర్లు ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయారు. పళ్ళ డాక్టరు గట్టిగానే ఆడాడు కానీ, "ఒరే, బేగి నొక్కరా!" అని ఆవిడ నన్ను అదిలిస్తుంటే తననే అనుకుని కంగారుపడి మలుపులో ఎగిరిపోయాడు. నేను ఎప్పుడు ఓడిపోయానో ఎవరూ గమనించలేదు.

చివరికి మిగిలింది ఆవిడ, వ్యాపారి. ఆయన తన అద్దాల పెట్టెలోంచి పాత వెండిరంగు కారు తీశాడు. మామూలుగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. చుట్టు చుట్టుకీ ముందొకరు, వెనకొకరు. ఆఖరి చుట్టు సగంలో ఉండగా కరెంటు పోయింది.

కార్లు రెండూ ఉన్నచోటే ఆగిపోయాయి. ఎర్రది బెత్తెడు ముందుంది.

"మళ్ళీ ఆడదాం" అన్నాడు వ్యాపారి.

"ఎందుకూ? బండి ఎక్కడ నిలబడ్డాదో అందరికీ కనిపిస్తన్నాది. కొలుసుకో" అన్నారు అత్తగారు.

"గీత దాటితేనే గెలుపమ్మా."

"కరెంటుండుంటే దాటీసునుగా!"

ఇంజనీర్లు ఆవిడ పక్షం. పళ్ళ డాక్టరు వ్యాపారి పక్షం. మా ఆవిడ లెక్కల టీచరు గొంతుతో, రెండు కార్ల వేగం తెలియకుండా ఏమీ తేల్చలేమంది. మజ్జిగ ఇంకో విడత వచ్చింది. కరెంటు వచ్చేదాకా వాదన నడిచింది. వచ్చాక అత్తగారే లేచి, "సరే, రా. మల్లా ఆడతాను" అన్నారు.

మళ్ళీ ఆడారు. ఆఖరి మలుపులో ఆవిడకి వినడం గుర్తు రాలేదేమో, మొదటిరోజుల్లోలా మీటని అడుక్కి నొక్కేశారు. ఎర్రది లేచి, వ్యాపారి తల పక్కనుంచి ఎగిరి, మెట్లమీదుగా దొర్లుకుంటూ కింద ధాన్యం బస్తాల మీద పడింది. వెండికారు గీత దాటింది.

ఆవిడ మొహం చూడటానికి నాకు భయం వేసింది. తీరా చూస్తే నవ్వుతున్నారు. పమిట అడ్డం పెట్టుకోకుండా, గోడవైపు తిరగకుండా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. కంట్లో నీళ్ళు పడకూడదని మా ఆవిడ రుమాలు పట్టుకుని పరిగెత్తింది. "సూసినావేటే అదెలగెగిరినాదో! కొంగలాగ ఎగిరినాది!" అని ఆవిడ ఇంకా నవ్వారు. ఆ నవ్వు అంటుకుని వ్యాపారి కూడా మెట్లమీద కూర్చుండిపోయాడు.

బయల్దేరేటప్పుడు ఆయన ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి ఆటోలో పెట్టించాడు. చెక్క ట్రాక్ వచ్చాక మూల పడేసిన పాత ప్లాస్టిక్ ముక్కలు, రెండు కంట్రోలర్లు. "ఇక్కడుంటే ఎలకలు కొరికీస్తాయమ్మా. మీరు పట్టుకెళ్ళండి. మళ్ళీ పందెం పెడితే మాత్రం రావాల" అన్నాడు. ఆవిడ వద్దనలేదు.

ఆ పెట్టె చూసి మా బావమరిది నెత్తి పట్టుకున్నాడు. వ్యవసాయమంతా అతనే చూసుకుంటాడు. ధాన్యం గదిలో సగం ఖాళీ చెయ్యమని వాళ్ళమ్మ చెబితే, "బస్తాలు ఎక్కడెట్టాలే అమ్మా, నా నెత్తిమీదా?" అన్నాడు. అన్నాడే కానీ బస్తాలన్నీ ఒక పక్కకి తనే మోశాడు. "బావా, నువ్వు మా అమ్మకి కన్ను బాగుసెయ్యించమంటే ఇంకోటేదో సేసినావు" అని నాతో అన్నాడు.

ఇప్పుడా గదిలో మధ్యాహ్నం పూట ఆ వీధి ఆడవాళ్ళంతా చేరతారు. నాట్లు లేని రోజుల్లో జట్లు కట్టుకుని పందేలు. అత్తగారు నాకు నేరుగా ఫోన్ చేస్తారు. "కుచ్చులు అరిగిపోనాయి, కొత్తవి అంపండి" అనో, "ఎడం పక్క గాడిలో కరెంటు అందటం నేదు, ఏటి సెయ్యాల" అనో. నేను చెబుతాను, ఆవిడ ఫోను పక్కన పెట్టి చేసి చూస్తారు, నేను ఆ గదిలోని అరుపులు వింటూ ఆగుతాను.

పోయిన నెల నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి అత్తగారు కొత్త ఆలోచనలో ఉన్నారు. అరకు వెళ్ళే దారిలా ట్రాక్‌కి ఒక మిట్ట కావాలట. పొద్దున్నే ఇటుకలు తెచ్చి పెట్టేశారు. నేను అలా కాదంటే వినలేదు. ముక్కల కింద ఇటుకలు పేర్చి, సందుల్లో అట్టముక్కలు కుక్కి, ఎత్తు చేశాం. ఎర్రది సగం ఎక్కి వెనక్కి జారిపోయింది. టైర్లు తుడిచాం, జారింది. కుచ్చులు సవరించాం, జారింది. ఎదురింటి పెద్దావిడ ఒకామె, పొగాకు చుట్ట పక్కన పెట్టి, "కొండెక్కీ ముందర కాస్త లగెత్తించాల గదే" అంది. అలా దూరం నుంచి పరుగు ఇచ్చి చూశాం. అన్నం వడ్డించామని మా ఆవిడ లోపలినుంచి పిలుస్తూనే ఉంది, మేం వస్తున్నామంటూనే ఉన్నాం. ఎన్నోసారికో ఎర్రది గునుస్తూ గునుస్తూ పైకెక్కి మిట్టమీద నిలబడింది. గదంతా చప్పట్లు.

"ఇంక దిగీది సూడాల" అన్నారు అత్తగారు, మీట మీద వేలు పెట్టి.

దిగేటప్పుడది ట్రాక్‌ని పూర్తిగా వదిలేసి, తిన్నగా మా బావమరిది బస్తాల వెనక్కి వెళ్ళిపోయింది. అందరం కలిసి బస్తాలు జరిపి దాన్ని బయటికి తీశాం. ఒక ఇటుక తగ్గించాక అన్నానికి వెళ్ళాం.